విద్యుత్తు నడక: దాని హెచ్చుతగ్గులను లెక్కగట్టు విధము

మన గ్రామములలో మోటారుతో నీరు తోడుకొను రైతులు మూడు ప్రశ్నలు తఱచుగా అడుగుచుందురు. కరెంటు ఎప్పుడు వచ్చును? ఎన్ని గంటలుండును? వోల్టేజి చాలునా? ఈ మూడును న్యాయమైన ప్రశ్నలే. కాని నాల్గవది యొకటి కలదు. దానిని అడుగువారు అరుదు. ఆ కరెంటు ఎంత వేగముతో ఆడుచున్నది? బోరులోని నీరు పైకి వచ్చుటయు రాకుండుటయు, ఫీడరు నిలుచుటయు తెగుటయు ఒక్కొకప్పుడు ఈ నాల్గవ ప్రశ్న మీదనే ఆధారపడియుండును. ఈ వేగమును పౌనఃపున్య మందురు. సబ్‌స్టేషనువారు ఫ్రీక్వెన్సీ యని వ్యవహరింతురు. అది యేల హెచ్చుతగ్గులు పొందునో, ఆ హెచ్చుతగ్గులను శాస్త్రజ్ఞులు ఎట్లు లెక్కగట్టుదురో, ఆ లెక్క వలన మనము నేర్చుకొనదగిన దేమో సంఘ సభ్యులకు తెలియజేయుటకై ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

పౌనఃపున్య మనగా నేమి?

మన తీగెలలో వచ్చునది ఒకే దిక్కునకు పాఱు కరెంటు కాదు. అది ముందునకును వెనుకకును ఊగుచుండును. ఒకమాఱు ముందునకు పోయి వెనుకకు వచ్చుట ఒక ఆవృత్తి. సెకనుకు ఒక ఆవృత్తి జరిగిన దానిని ఒక హెర్ట్జు అందురు. మన దేశమున సెకనుకు 50 ఆవృత్తులు జరుగవలెనని నియమము. కావున మన కరెంటు 50 హెర్ట్జులది.

ఈ 50 అను సంఖ్య ఉత్పత్తి కేంద్రములలో తిరుగు చక్రముల నుండి వచ్చుచున్నది. బొగ్గుతో నడచు కేంద్రములలో జనరేటరునకు సాధారణముగా రెండు ధ్రువములుండును. అది నిమిషమునకు 3000 మాఱులు, అనగా సెకనుకు 50 మాఱులు తిరుగును. నీటిబలముతో తిరుగు యంత్రములకు ధ్రువములు ఎక్కువ. అందుచేత అవి మెల్లగా తిరిగినను అదే 50 ఆవృత్తులను ఇచ్చును. తీగెలచే కలుపబడిన యంత్రములన్నియు ఈ ఒక్క నడకకు కట్టుబడి యుండును.

కళ్లములో బంతి కట్టిన ఎడ్లను తలచుకొనుడు. లోపలి ఎద్దు చిన్న చుట్టును, వెలుపలి ఎద్దు పెద్ద చుట్టును తిరిగినను, చుట్టు పూర్తియగుట మాత్రము అన్నిటికిని ఒక్కసారియే. అందు బలమైనదియు ఉండును, బక్కదియు ఉండును. కాని ఒకే పలుపునకు కట్టుబడినందున వేఱువేఱుగా నడచుటకు వీలులేదు. కాళ్ల క్రింద మోపులు ఎక్కువ పడినచో అన్నిటి నడకయు మందగించును. పలుచబడినచో అన్నిటి నడకయు హెచ్చును. గ్రిడ్డు అనునది ఇట్టి బంతియే. కాశ్మీరమున వెలుగు దీపమునకును, మన పొలములోని మోటారునకును నేడు ఒక్కటే నడక.

రాబడియు పోబడియు

చెఱువులోనికి వచ్చు నీరును, తూముల ద్వారా పోవు నీరును సమానముగా నున్నంతకాలము నీటిమట్టము నిలుకడగా నుండును. పౌనఃపున్యము ఆ మట్టము వంటిది. ఉత్పత్తి కంటె వాడుక హెచ్చైన అది దిగును. వాడుక కంటె ఉత్పత్తి హెచ్చైన అది పెరుగును. కాని ఒక భేదము కలదు. చెఱువులో నెలలకు సరిపడు నీరు నిలువ యుండును. గ్రిడ్డులో అప్పటికప్పుడు అక్కఱకు వచ్చు నిలువ, తిరుగుచున్న చక్రముల ఊపులోని శక్తి మాత్రమే. ఆ శక్తి యంతయు వాడుకను కొన్ని సెకనులు మోయుటకు మాత్రమే చాలును.

ఈ సంబంధమును లెక్కగా వ్రాసినచో అదియే మొదటి గణిత నమూనా. నమూనా యనగా భయపడవలసినది లేదు. గ్రామ పటము గ్రామము కాదు. అయినను సర్వే నంబరు వెదకుటకు అది చాలును. గణిత నమూనాయు అట్టిదే. గ్రిడ్డు అంతటిని అది చూపదు. మనకు వలసిన సంగతిని చూపును.

ఒక ఉదాహరణము తీసికొందము. 1,00,000 మెగావాట్ల వాడుక గల గ్రిడ్డు ఒకటి కలదనియు, అందలి చక్రముల ఊపు ఆ వాడుకను 4 సెకనులు మోయగలదనియు అనుకొందము. 1,000 మెగావాట్ల యంత్రము ఒకటి హఠాత్తుగా ఆగిపోయెను. లోటు నూటికి ఒక వంతు. మఱి యే సవరణయు జరుగకున్నచో పౌనఃపున్యము సెకనుకు 0.0625 హెర్ట్జు చొప్పున దిగును. అనగా 8 సెకనులలో అర హెర్ట్జు పడిపోవును. అదే యంత్రము 10,000 మెగావాట్ల చిన్న గ్రిడ్డులో ఆగినచో దిగుడు పదిరెట్లు వేగముగా నుండును. ఒక్క సెకనులోనే అర హెర్ట్జునకు మించి పోవును. లోటు ఒక్కటే అయినను, మోయు చక్రముల సంఖ్య తగ్గుటచే దెబ్బ పెద్దదైనది. చిన్న రైతులు విడివిడిగా నుండుట కంటె సంఘముగా కూడుట యేల మేలో ఈ లెక్కయే చెప్పుచున్నది.

మన దేశమున గ్రిడ్డులు కలిసిన వరుసయు ఇట్టిదే. తూర్పు, ఈశాన్య ప్రాంతములు 1991లో కలిసెను. 2003లో పశ్చిమ ప్రాంతమును, 2006 ఆగస్టులో ఉత్తర ప్రాంతమును వానితో చేఱెను. మన దక్షిణ ప్రాంతము మాత్రము చాలకాలము వేఱు నడకతో నుండి, 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు-షోలాపురము 765 కిలోవోల్టుల లైను ద్వారా కలిసెను. నాటి నుండి దేశమంతయు ఒకే బంతి. 2024 మే 30వ తేదీన ఈ గ్రిడ్డు మోసిన గరిష్ఠ వాడుక సుమారు 2,50,000 మెగావాట్లు.

దూడయు గుంజయు

నిమిష నిమిషమునకు లక్షల మంది దీపములు వేయుదురు, ఆర్పుదురు. మోటార్లు నడపుదురు, ఆపుదురు. అట్లైన పౌనఃపున్యము 50 సమీపముననే యెట్లు నిలుచుచున్నది? దానిని వెనుకకు లాగు శక్తులు మూడు కలవు. మొదటిది, నడక తగ్గినప్పుడు మోటార్లు తమంతట తామే మెల్లగా తిరిగి కొంత తక్కువ శక్తిని తీసికొనుట. రెండవది, టర్బైనునకు అమర్చిన గవర్నరు అను సాధనము. జేమ్స్ వాట్టు 1788లో తన ఆవిరి యంత్రమునకు అమర్చిన తిరుగు గుండ్ల గవర్నరు దీనికి పూర్వరూపము. నడక తగ్గగానే ఇది ఆవిరి ద్వారమునో నీటి ద్వారమునో మఱికొంత తెఱచును. ఈ పని సెకనులలో జరుగును. మూడవది, లోడు పంపిణీ కేంద్రముల వారి యుత్తర్వులు. మన ప్రాంతమునకు అట్టి కేంద్రము బెంగుళూరులో నున్నది. ఏ కేంద్రము ఎంత పెంచవలెనో, ఎంత తగ్గింపవలెనో వారు చూచుకొందురు; ఈ పనికి నిమిషములు పట్టును.

ఈ మూడింటిని కలిపి శాస్త్రజ్ఞులు వేసిన నమూనాను ఇట్లు చెప్పవచ్చును. గుంజకు సాగెడు త్రాటితో ఒక దూడ కట్టబడియున్నది. ఈగలు ముసిరి అది అటునిటు గెంతుచుండును. ఎటు గెంతునో ముందుగా చెప్పలేము. ఎంత దూరము పోయినచో త్రాడు అంత బలముగా వెనుకకు లాగును. ఈగలు లోడులోని మార్పులు. త్రాడు గవర్నరులు. దూడ బరువు చక్రముల ఊపు. తరువాతి క్షణమున దూడ ఎక్కడనుండునో చెప్పలేకున్నను, దినమంతయు గమనించినచో గుంజ దగ్గఱ ఎంత సేపు, దూరముగా ఎంత సేపు ఉండునో లెక్క చెప్పవచ్చును. హాలండు దేశపు శాస్త్రజ్ఞులు ఊలెన్‌బెక్, ఆర్న్‌స్టయిను అనువారు 1930లో మఱొక పనికై ఇట్టి లెక్కను ప్రకటించిరి. గ్రిడ్డును గూర్చిన పరిశోధనలలో నేడు అది యుపయోగపడుచున్నది.

విడివిడి పనులును, ఒక్కుమ్మడి పనులును

ఇక ముఖ్య విషయమునకు వత్తము. ఒక ప్రాంతమున 10,000 పంపుసెట్లు కలవనుకొందము. ఒక్కొక్కటి 5 అశ్వశక్తులది. సుమారు 4 కిలోవాట్లు తీసికొనును. ప్రతి రైతును తనకు వీలైన వేళ మోటారు వేయుచు, ఆపుచు నుండగా, ఏ క్షణమున చూచినను సగటున సగము, అనగా 5,000 మోటార్లు నడచుచుండును. వాని లోడు 20 మెగావాట్లు. గణిత నియమము ననుసరించి ఈ సంఖ్య సాధారణముగా ఎంత మాఱును? 10,000కు వర్గమూలము 100; అందు సగము 50. అనగా 50 మోటార్లు అటునిటు. ఒకరు వేయునప్పుడు మఱొకరు ఆపుదురు గనుక మార్పులు ఒకదానినొకటి కొట్టివేసికొనును. తేడా 0.2 మెగావాటు మాత్రమే.

ఇప్పుడు ఆ 10,000 మందియు ఆటో స్టార్టర్లు పెట్టి, కరెంటు వచ్చిన క్షణముననే మోటార్లన్నియు లేచునట్లు చేసికొనిరనుకొందము. ఒక్క క్షణమున 40 మెగావాట్ల లోడు పడును. ఇది మునుపటి తేడాకు 200 రెట్లు! అంతేకాదు, మోటారు బయలుదేఱు క్షణమున నడక సమయపు కరెంటుకు అయిదాఱు రెట్లు లాగును. మోటార్లు అవియే, నీరు అదియే, రైతులు వారే. విడివిడిగా జరిగిన పని ఒక్కుమ్మడిగా జరుగుటయే తేడా. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిసి వ్యవసాయపు కనెక్షన్లు 40 లక్షలకు మించియున్నవి. అందు 10 లక్షల మోటార్లు ఒక్కసారి లేచినను సుమారు 4,000 మెగావాట్లగును. ఫీడర్లను జట్లుగా విభజించి వేఱువేఱు వేళల కరెంటు ఇచ్చుటకు ఇదియొక కారణము.

ఇట్టి ఒక్కుమ్మడి పనులకు దృష్టాంతములు లోకమున పెక్కు కలవు. 1990 జూలై 4వ తేదీన ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ జట్ల ఫుట్‌బాలు పందెము టెలివిజనులో ముగియగానే ఇంగ్లండు ప్రజలు లేచి తేనీటికై విద్యుత్ పాత్రలలో నీరు కాచుకొనుటచే వాడుక సుమారు 2,800 మెగావాట్లు పెరిగెను.

మన దేశమున 2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి 9 గంటలకు 9 నిమిషముల పాటు దీపములు ఆర్పుటకు పిలుపు వచ్చినప్పుడు, వాడుక సుమారు 13 వేల మెగావాట్లు తగ్గునని గ్రిడ్డు నిర్వాహకులు ముందుగా లెక్కగట్టిరి. నిజముగా తగ్గినది 31 వేల మెగావాట్లకు పైగా. మనుష్యులు కలిసి చేయు పనిని లెక్కగట్టుట ఎంత కష్టమో ఇందువలన తెలియును. అయినను నిర్వాహకులు జలవిద్యుత్ కేంద్రములను సిద్ధముగా నుంచుకొని, ఆ కొద్ది సమయములో వాని యుత్పత్తిని 17 వేల మెగావాట్లకు మించి తగ్గించిరి. పౌనఃపున్యము 49.70 నుండి 50.26 వఱకు ఊగి, మరల కుదుటపడెను. గ్రిడ్డు నిలిచినది.

2018లో బెంజమిన్ షేఫర్ మొదలగువారు నేచర్ ఎనర్జీ అను పత్రికలో ప్రకటించిన పరిశోధన దీనిని మఱింత స్పష్టపఱచినది. వారు ఐరోపా, జపాను, ఉత్తర అమెరికా గ్రిడ్డుల కొలతలను పరిశీలించిరి. మార్పులన్నియు విడివిడి కారణముల వలననే కలిగినచో, పెద్ద ఊపులు మిక్కిలి అరుదుగా నుండవలెను. కాని అవి ఆ లెక్క కంటె తఱచుగా కనబడినవి. విద్యుత్తు క్రయవిక్రయములు గడియారపు నియత కాలములందు మాఱుట ఇందుకొక ముఖ్య కారణమని వారు చూపిరి. ఒడంబడిక మాఱిన క్షణముననే కొన్ని కేంద్రములు పెంచును, కొన్ని తగ్గించును. ఆ సందున నడక తొట్రుపడును. మన దేశమునను దినమును 15 నిమిషముల చొప్పున 96 భాగములుగా విభజించి ఉత్పత్తి నిర్ణయము చేయుదురు.

ఒకరు తీసికొని పెట్టకున్నచో ఏమగును?

పెద్ద ఊపే గాక, చిన్నదైనను ఎడతెగక సాగు కొఱతయు హాని చేయును. 2018 జనవరి నడుమ నుండి మార్చి మొదటి వారము వఱకు ఐరోపా గ్రిడ్డులో సెర్బియా, కొసావో ప్రాంతముల వివాదము వలన కొంత విద్యుత్తు పెట్టక తీసికొనబడినది. సగటు నడక 50 నుండి 49.996కు దిగినది. ఇది ఎంత స్వల్పమో చూడుడు! అయినను ఆ 50 దినములలో, గ్రిడ్డు ఆవృత్తులను లెక్కించి కాలము చూపు గడియారములు ఐరోపాలోని 25 దేశములలో దాదాపు 6 నిమిషములు వెనుకబడినవి. ఒక మూల నున్నవారు చెల్లింపని అప్పును అందఱి గడియారములును మోసినవి.

మన దక్షిణ ప్రాంతమున ఇంతకంటె కష్టమైన కాలము గడచినది. 2003కు ముందు ఇక్కడి నడక తఱచుగా 48, 48.5 హెర్ట్జుల దగ్గఱ నుండెడిది. రైతునకు దీని ఫలమేమో చూతము. మోటారు వేగము పౌనఃపున్యముతో కూడ తగ్గును. 50కి బదులు 48 ఉన్నచో వేగము నూటికి 4 వంతులు తగ్గును. పంపు నీటిని ఎత్తగల ఎత్తు వేగము యొక్క వర్గమును బట్టి మాఱును గనుక, అది నూటికి దాదాపు 8 వంతులు తగ్గును. 50 హెర్ట్జుల వద్ద 100 మీటర్ల ఎత్తు వఱకు నీటిని నెట్టగల పంపు 48 వద్ద 92 మీటర్లు మాత్రమే నెట్టగలదు. నీరు 95 మీటర్ల లోతునకు దిగిన బోరులో మోటారు తిరుగుచునే యుండును గాని గొట్టము నుండి చుక్క రాదు. రైతు బోరు ఎండినదని తలచును. ఎండినది బోరు కాదు, గ్రిడ్డు.

2003 జనవరి 1వ తేదీ నుండి దక్షిణ ప్రాంతమున ఒక క్రొత్త లెక్క అమలులోనికి వచ్చినది. నడక తగ్గియున్న వేళ నిర్ణీత భాగమునకు మించి కరెంటు లాగిన రాష్ట్రము హెచ్చు ధర చెల్లింపవలెను. అట్టి వేళ తక్కువ వాడుకొన్నవారికి లాభము కలుగును. ఆ తరువాత నడక బాగుగా కుదుటపడెను. 2014లో ఆ పద్ధతికి బదులు వేఱొక పద్ధతి ఏర్పడెను. ఆ సంవత్సరముననే 49.90 మొదలు 50.05 వఱకు అను ఇఱుకైన హద్దు నియమింపబడెను.

నమూనా చెప్పలేని సంగతులు

నడక సరిగా నున్నంతమాత్రమున గ్రిడ్డు క్షేమముగా నున్నదని తలపరాదు. 2012 జూలై 30వ తేదీ తెల్లవాఱుజామున ఉత్తర గ్రిడ్డు కూలుటకు ముందు పౌనఃపున్యము 49.68 ఉండెను; మఱునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్డులు కూలుటకు ముందు 49.84 ఉండెను. రెండును మిక్కిలి తక్కువ సంఖ్యలు కావు. బీనా-గ్వాలియరు 400 కిలోవోల్టుల లైను మీద మోయలేని బరువు పడి అది తెగుటతో అనర్థము ప్రారంభమైనది. రెండవ నాడు దాదాపు 60 కోట్ల జనులు నివసించు ప్రాంతము చీకటిలో పడెను. దక్షిణ ప్రాంతము నాడు ఏకముఖ విద్యుత్తు లైనుల ద్వారా మాత్రమే ఇతరులతో సంబంధము కలిగి, వేఱు నడకతో నుండుటచే తప్పించుకొనెను. కలియుట వలన బలము కలుగును; కాని కలిపిన త్రాడు బలహీనమైనచో అపాయమును పంచుకొనవలసి వచ్చును.

సూర్యరశ్మి నుండి వచ్చు కరెంటు మఱొక క్రొత్త లెక్కను తెచ్చినది. సూర్య ఫలకములకు తిరుగు చక్రము లేదు. కావున వానియందు ఊపు నిలువ లేదు. మేఘము అడ్డురాగా తగ్గును. సాయంకాలమున తప్పక తగ్గును. దూడ బరువు తగ్గి ఈగలు పెరిగినట్లే గదా! అందుచేత బ్యాటరీల చేతను, త్వరగా స్పందించు సాధనముల చేతను త్రాడును బలపఱచు ప్రయత్నములు జరుగుచున్నవి. పగటి సూర్య విద్యుత్తునకు తగినట్లు వ్యవసాయపు కరెంటును పగటివేళకు మార్చుటయు ఇందొక భాగమే. రాత్రులందు పాముల నడుమ నీరు పెట్టుకొను బాధ ఇందువలన రైతునకు తప్పుటయు గొప్ప మేలు.

మనము చేయవలసినది

ఒక్క రైతు ఒక్క మోటారుతో దేశపు గ్రిడ్డును కదల్చలేడు, ఇది నిజము. కాని ఒక ట్రాన్సుఫార్మరు క్రింద ఇరువది మోటార్లు ఒక్కసారి లేచినప్పుడు వోల్టేజి పడి, చుట్టలు కాగి ఆ ట్రాన్సుఫార్మరు కాలును. అది మన గ్రామపు నష్టము. పైరు ఎండు నష్టము. అట్టి గ్రామములు వేలుగా చేఱినప్పుడు అది గ్రిడ్డు నష్టమగును. తెలంగాణలో 2018 జనవరి 1వ తేదీన వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ప్రారంభించుటకు ముందు, ఆటో స్టార్టర్లను తీసివేయుడని విద్యుత్ సంస్థలు రైతులను కోరినది ఇందుకే. ఎల్లప్పుడు కరెంటు ఉన్నచో, రాగానే అందుకొనవలెనను ఆతురతకు కారణమే లేదు.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను ఆలోచింతురుగాక. ఆటో స్టార్టరును తీసివేయుట మంచిది. తీయుటకు వీలులేనివారు, కరెంటు వచ్చిన కొంత సేపటికి మోటారు లేచునట్లు ఆలస్య సాధనమును అమర్చుకొనవచ్చును. ఒక్కొక్కరిది ఒక్కొక్క సమయముగా నుండవలెను, లేకున్న ప్రయోజనము లేదు. ఒకే ట్రాన్సుఫార్మరు క్రింది వారు కూర్చుండి, కాలువ నీటికి వంతులు పెట్టుకొనునట్లు మోటార్లకు వంతులు పెట్టుకొనవలెను. తగిన కెపాసిటరు పెట్టినచో వోల్టేజి మెఱుగుపడును. పంపు కొనునప్పుడు బోరులోని నీటి లోతును కొలిపించి, దానికి తగినదానినే ఎన్నుకొనవలెను. అంచు మీద నున్న పంపు నడక కొంచెము తగ్గగానే ఓడిపోవును.

విద్యుత్తును సహకార పద్ధతిని పంచుకొనుట మనవారికి క్రొత్త కాదు. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970 నుండి పనిచేయుచున్నది. తీగెయు స్తంభమును పంచుకొనుట ఒక సహకారము. వేళను పంచుకొనుట రెండవ సహకారము. ఈ రెండవదానికి పెట్టుబడి అక్కఱలేదు, అప్పు అక్కఱలేదు, దరఖాస్తు అక్కఱలేదు. ఇరుగుపొరుగు రైతులు ఒక సాయంకాలము కూడి మాటలాడుకొనిన చాలును. రాబోవు సంఘ సమావేశమున ప్రతి ట్రాన్సుఫార్మరు క్రింది సభ్యులును తమ వంతుల పట్టికను తయారుచేసికొని తెచ్చినచో, ఎండకాలము రాకముందే దానిని అమలుపఱచుకొనవచ్చును.